పాఠకుల ప్రశ్నలు – జవాబులు: సాయం అందింది సరే, ఆ తర్వాత ఏమైంది?

యుద్ధాలు, కరవులు, భూకంపాల వేళ బాధితులకు అందే మానవతా సాయం గురించి, ముఖ్యంగా నగదు రూపంలో ఇచ్చే సాయాన్ని ఎవరు ఎలా పర్యవేక్షిస్తారన్న దాని గురించి పలువురు పాఠకులు రాశారు. ఈ పర్యవేక్షణ పనిలో కొన్నేళ్లు గడిపినందువల్ల, నేను చూసింది, నేర్చుకున్నది కలిపి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: ఎక్కడ విపత్తు వచ్చినా నాకు చేతనైనంత విరాళం పంపుతుంటాను. ఈమధ్య పెద్ద సంస్థలు సరుకులకు బదులు బాధితుల చేతికే డబ్బు ఇస్తున్నాయని చదివాను. ఆ డబ్బు తాగుడుకో దుబారాకో పోదని నమ్మకం ఏమిటి? దాన్ని కనిపెట్టి చూసేవారు ఉంటారా?

జవాబు: విరాళం ఇచ్చేవారిలో చాలామందికి ఈ భయం ఉంది, అందుకే పరిశోధకులు కూడా దీన్ని పట్టించుకున్నారు. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ఇద్దరు 2014లో వివిధ దేశాలకు చెందిన 19 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించి, నగదు అందుకున్న కుటుంబాల్లో మద్యం, పొగాకు మీద ఖర్చు పెరగలేదని, చాలాచోట్ల కాస్త తగ్గిందని తేల్చారు. వాటిలో ఎక్కువ భాగం మామూలు రోజుల పేదరిక నిర్మూలన పథకాల మీద జరిగినవే అయినా, విపత్తు ప్రాంతాల్లో నేను చూసిన లెక్కలూ అదే దారిలో ఉన్నాయి. తిండి, అద్దె, మందులు, అప్పు తీర్చడం, ఈ నాలుగింటికే డబ్బులో సింహభాగం పోతుంది. అప్పు తీర్చడాన్ని కొందరు అధికారులు దుర్వినియోగం కింద రాసుకుంటారు. అది సరికాదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే పాత బాకీ తీర్చిన మనిషికే దుకాణదారు వచ్చే నెల మళ్లీ అరువు ఇస్తాడు, సాయం ఆలస్యమైన నెలలో ఆ అరువే ఇంటిల్లిపాదినీ బతికిస్తుంది.

డబ్బే ఎందుకన్న దానికి అమర్త్య సేన్ 1943 నాటి బెంగాల్ కరవు మీద చేసిన అధ్యయనం చక్కగా దారి చూపుతుంది. ఆ ఏడాది అక్కడ అందుబాటులో ఉన్న తిండిగింజలు 1941లో ఉన్నవాటికంటే ఎక్కువేనని, కూలీలకు వాటిని కొనే శక్తి లేకపోవడం వల్లనే లక్షల ప్రాణాలు పోయాయని ఆయన వాదించారు. 2011 జూలైలో దక్షిణ సొమాలియాలో ఐక్యరాజ్యసమితి కరవును ప్రకటించేనాటికి అక్కడి సాయుధ బృందాల కారణంగా ఆహార సాయం తీసుకెళ్లడమే గగనమైపోయింది. వ్యాపారులు మాత్రం సరుకు తెప్పించగలుగుతున్నారు. అప్పుడు సంస్థలు హవాలా వ్యాపారుల ద్వారా, అంటే బ్యాంకులతో పని లేకుండా నమ్మకం మీద ఒకచోటి నుంచి మరోచోటికి డబ్బు చేరవేసేవారి ద్వారా, లక్షలాది మందికి డబ్బు చేర్చి, ఆ సరుకును వారే కొనుక్కునేలా చేశాయి. అయితే ఆ నిర్ణయం తీసుకునేసరికే చాలా ఆలస్యమైంది. ఆ కరవులో సుమారు రెండున్నర లక్షల మంది చనిపోయారని, వారిలో సగం మంది అయిదేళ్లలోపు పిల్లలని తరువాతి అంచనాలు చెప్పాయి.

కాబట్టి ఈ డబ్బును కనిపెట్టి చూడడమంటే, అందుకున్నవారి ఇంట్లోకి తొంగిచూసి ఏం కొన్నారని ఆరా తీయడం కాదు. ఒక కుటుంబం నెల గడవడానికి కావలసిన కనీస వస్తువులు, సేవల జాబితా ఒకటి తయారుచేసి, దాని మొత్తం ఖరీదు ఎంతో లెక్కగట్టి, ఇచ్చే సాయం అందులో ఎంత భాగానికి సరిపోతుందో ముందే తేల్చుకుంటారు. ఆ తర్వాత ప్రతి నెలా అవే దుకాణాల్లో అవే వస్తువుల ధరలను, అదే పరిమాణానికి, రాసుకుంటూ వస్తారు. చూడడానికి విసుగు పుట్టించే పని ఇది, కానీ ఇది చెడితే తక్కిన లెక్కలన్నీ తప్పుతాయి. లెబనాన్ పౌండు 1997 నుంచి డాలరుకు 1,507.5 దగ్గర కట్టివేసి ఉండేది. 2019 చివర బ్యాంకులు కుదేలయ్యాక బయటి మార్కెట్లో దాని విలువ నెలనెలా పడిపోయింది. అలాంటి చోట జాబితాలో ఉన్న ప్రతి కుటుంబానికీ అనుకున్న మొత్తం అనుకున్న తేదీన అందిందని కాగితం మీద నిజాయతీగానే రాయవచ్చు, ఆ మొత్తంతో పోయిన నెల కొన్నదానిలో సగం కూడా రాకపోవచ్చు. మార్కెట్లో సరుకే లేని చోట, ముట్టడిలో ఉన్న పట్టణంలో, డబ్బు పంచితే ధరలు పెరగడం తప్ప ప్రయోజనం ఉండదు, అక్కడ సరుకులే పంపాలి. ఏది సరైనదో నిర్ణయించేది కూడా ఈ ధరల పుస్తకమే.

ప్రశ్న: ఒక సహాయ సంస్థలో క్షేత్ర పరిశీలకుడిగా కొత్తగా చేరాను. నగదు పంచిన మూడు వారాలకు ఇంటింటికీ వెళ్లి సర్వే చేస్తే దాదాపు అందరూ పూర్తి సంతృప్తి అన్నారు. పై అధికారులు సంతోషించారు, నాకు మాత్రం ఎక్కడో తేడాగా ఉంది. నేను ఎక్కువ అనుమానిస్తున్నానా?

జవాబు: లేదు, మీ అనుమానమే మీకు ఈ పనిలో పెట్టుబడి. పెట్టే చేతికి ఎదురుచెప్పడానికి ఎవరికైనా మొహమాటం ఉంటుంది, దాని వెనక భయమూ ఉంటుంది, ఫిర్యాదు చేస్తే వచ్చే నెల జాబితాలోంచి పేరు తీసేస్తారేమోనన్న భయం.

నా మొదటి సంవత్సరంలో ఒక శిబిరంలో ఒక పెద్దావిడతో మాట్లాడాను. డబ్బు అందిందా అంటే అందిందన్నారు, పూర్తిగా అందిందా అంటే పూర్తిగానే అన్నారు, ఇబ్బంది ఏమైనా ఉందా అంటే లేదన్నారు. నేను మూడు గళ్లలోనూ టిక్కు పెట్టి లేవబోతుంటే, దారిఖర్చు అడుగుతున్నానన్న పొరపాటుతో కాబోలు, ఈసారి ఆ అబ్బాయికి ఇవ్వాల్సింది పోగా తన దగ్గర ఏమీ మిగల్లేదని సంజాయిషీగా చెప్పారు. మళ్లీ కూర్చున్నాను. ఆవిడకు పిన్ నెంబరు గుర్తుండదు, దాన్ని ఒక అట్టముక్క మీద రాసి కార్డుతోపాటు మడిచి దాచుకున్నారు, డబ్బు తీసే చోట ఏజెంటు దగ్గర పనిచేసే కుర్రాడు ఆ నెంబరు నొక్కి పెట్టి ప్రతిసారీ కొంత తీసుకుంటున్నాడు. ఆవిడ దాన్ని దొంగతనం అనుకోలేదు, పద్ధతే అంత అనుకున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు. అబద్ధమాడింది ఆవిడ కాదు. నా ప్రశ్నల పత్రంలో ఆ కుర్రాడికి చోటే లేదు.

అప్పటినుంచి నేను ప్రశ్నలు మార్చుకున్నాను. సంతృప్తిగా ఉందా అని అడగడం మానేసి, డబ్బు తీసుకోవడానికి ఏ రోజు వెళ్లారు, ఎంతసేపు నిలబడ్డారు, రానుపోను ఎంతయింది, తోడు ఎవరు వచ్చారు, కార్డు ఎవరి దగ్గర ఉంటుంది, ఇంటికి వచ్చాక లెక్కపెట్టుకుంటే ఎంత ఉంది అని అడుగుతాను. జరిగింది జరిగినట్టు చెప్పడానికి మొహమాటం అడ్డురాదు. ఆడవాళ్లతో ఆడవాళ్లే, విడిగా, ఇంటి పెద్ద వినకుండా మాట్లాడాలి. డబ్బు పంచినవారే సర్వేకూ వెళ్లకూడదు. జాబితాలో లేనివారిని కూడా కొందరిని కలవండి, ఎందుకంటే అర్హత ఉండీ పేరు చేరని కుటుంబం గురించి లబ్ధిదారుల సర్వేలో ఎన్నటికీ తెలియదు. నమూనా ఎంత ఉండాలన్న కంగారు వద్దు. ఎంత పెద్ద జనాభాకైనా లాటరీ పద్ధతిలో ఎంచుకున్న సుమారు 385 కుటుంబాలు చాలు, అయిదు శాతం అటూ ఇటుగా నూటికి తొంభై అయిదుసార్లు లెక్క సరిపోతుంది. ఆ ఎంపికను ఊరి పెద్దల చేతికి వదిలేశారా, వేలమందిని అడిగినా దండగే.

ఫిర్యాదుల సంగతి మరీ ముఖ్యం. 2002లో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ శరణార్థి శిబిరాల్లో సాయం పంచే చేతులే ఆడపిల్లలను లైంగికంగా దోచుకుంటున్నాయని ఒక నివేదిక బయటపెట్టింది. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి దీని మీద ప్రత్యేక నిబంధనలు జారీ చేశారు. ఆ పిల్లలు తమకు జరిగింది ఏ సంతృప్తి సర్వేలో చెప్పగలరు? అందుకే ఫిర్యాదు చేసే దారి పంపిణీ సిబ్బంది చేతుల్లోంచి వెళ్లకూడదు. ఫోను, పెట్టె, నమ్మకస్తురాలైన మనిషి, ఇలా ఒకటికి మించి దారులు ఉండాలి. సాయం ఉచితమని, దానికి బదులుగా ఎవరికీ ఏదీ ఇవ్వనక్కరలేదని పంపిణీకి ముందే చదువు రానివారికి కూడా అర్థమయ్యేట్టు చెప్పి తీరాలి. ఒక చోట నుంచి నెలల తరబడి ఒక్క ఫిర్యాదూ రాకపోతే అక్కడ అంతా బాగుందని సంబరపడకండి, ముందు అక్కడికే వెళ్లండి.

ప్రశ్న: పరిశీలకులు అడుగు పెట్టలేని యుద్ధ ప్రాంతాల్లో సాయం పక్కదారి పడుతోందో లేదో ఎలా తెలుస్తుంది? పక్కదారి పట్టిందని తేలితే ఆపేయడమే న్యాయం కదా?

జవాబు: మొదటి ప్రశ్నకు, ఏ ఒక్క దారీ చాలదన్నదే జవాబు. అఫ్గానిస్తాన్, సిరియా, సొమాలియా వంటి చోట్ల స్థానికంగా తిరగగల స్వతంత్ర సంస్థను మూడో పక్షంగా నియమిస్తారు, ఫోన్లలో సర్వే చేస్తారు, దుకాణదారుల అమ్మకాల లెక్కలతో పంపిణీ జాబితాలను పోల్చి చూస్తారు. ఒకదాని లోపం మరొకదానిలో బయటపడుతుంది. ఫోను సర్వేలో ఫోను లేని నిరుపేదలు కనిపించరు. మూడో పక్షానికి జీతం ఇచ్చేది సహాయ సంస్థే కాబట్టి చేదు నిజం రాయడానికి అది వెనకాడవచ్చు. మనం వెళ్లలేని చోటికి వాళ్లను పంపి ప్రమాదాన్ని వాళ్ల నెత్తిన వేస్తున్నామన్న ఎరుక కూడా మనకు ఉండాలి.

రెండోది అంత తేలిక కాదు. 2023లో ఇథియోపియాలో ఆహార సాయం పెద్ద ఎత్తున దారి మళ్లుతోందని తేలడంతో, ప్రపంచ ఆహార కార్యక్రమం, అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ మొదట ఉత్తరాది ప్రాంతమైన తిగ్రేలోను, జూన్‌లో దేశమంతటా ఆహార పంపిణీని నిలిపివేశాయి, అది నెలల తరబడి ఆగింది. కాజేసినవారు ఆ నెలల్లో పస్తులుండలేదు, పస్తులున్నది సాయం మీద ఆధారపడ్డ కుటుంబాలు. గింజ కూడా పోకూడదన్న పట్టుదలను నేను గౌరవిస్తాను, కానీ జాబితాలు సరిచేయడం, పంపిణీదారులను మార్చడం, నడుస్తున్న పంపిణీలోనే తనిఖీలు పెంచడం వంటివన్నీ చేసి చూశాకే ఆపడం గురించి ఆలోచించాలి. ఆపక తప్పకపోతే పసిపిల్లలకు, గర్భిణులకు ఇచ్చే పోషకాహారాన్ని విడిగా ఉంచి కొనసాగించాలి.

ప్రశ్న: శరణార్థుల కళ్లు స్కాన్ చేసి సాయం ఇస్తున్నారట. మోసాలు అరికట్టడానికి ఇది మంచిదే కదా?

జవాబు: జోర్డాన్‌లోని జాతరీ శిబిరంలో సిరియా శరణార్థులు దుకాణంలో కంటి ఐరిస్ స్కాన్‌తోనే సరుకులు కొనుక్కునే పద్ధతి 2016లో మొదలైంది. కార్డు పోతుందన్న బెంగ లేదు, ఒకే పేరు మీద రెండుసార్లు తీసుకునే వీలు ఉండదు. అయితే పిన్ మార్చుకోగలం గాని కళ్లు మార్చుకోలేం. ప్రాణభయంతో పారిపోయి వచ్చినవారి వివరాలు వారు ఎవరినుంచి పారిపోయారో వారి చేతికే చిక్కితే జరిగే కీడుకు పరిహారం లేదు. తిండి కావాలంటే స్కాన్ చేయించుకోవాలన్నప్పుడు ఆ మనిషి ఊపిన తలను ఇష్టపూర్వక సమ్మతి అనలేం. స్కాన్ వద్దన్నవారికి మరో పద్ధతిలో అంతే సాయం అందేట్లు ఉంటేనే నేను దీనికి ఒప్పుకుంటాను. పైగా, జాబితాలో పేరెక్కించడానికి లంచం అడిగేవాణ్ని ఏ స్కానరూ పట్టుకోలేదు.

ప్రశ్న: మామూలు దాతగా నేను సంస్థను అడగవలసింది ఏమిటి?

జవాబు: ఎంతమందికి ఇచ్చారని అడగకండి, ఆ అంకె ఎలాగూ మొదటి పేజీలోనే ఉంటుంది. పోయిన ఏడాది మీ పరిశీలనలో బయటపడిన తప్పు ఏమిటి, దానివల్ల మీరు ఏం మార్చారు అని అడగండి. మొత్తం పెంచామనో, ఏజెంటును తీసేశామనో, పంపిణీ కేంద్రాన్ని నడవలేనివారి దగ్గరికి జరిపామనో ఏదో ఒకటి వివరంగా చెప్పగలిగితే ఆ సంస్థ చూస్తోందని అర్థం. ఏ తప్పూ దొరకలేదంటే మీ విరాళాన్ని మరో చోటికి పంపండి.