ఉపనిషత్తులు చదువుతానంటున్నాడు, ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం. "నేనెవరో తెలియకుండా ఉద్యోగం చేసి ఏం లాభం నాన్నా" అంటూ ఉపనిషత్తులు పట్టుకున్నాడు, ప్లేస్‌మెంట్లు వద్దంటున్నాడు. కోపమొచ్చి ఆ పుస్తకాలు అటకెక్కించాను. ఈ చదువుకు ఎం.ఏ. మంచిదా, ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సా?

జవాబు: అబ్బాయి ఎక్కడ కాషాయం కట్టి వెళ్లిపోతాడోనని మీ టెన్షన్. ఇదే భయంతో ఏటా ఎందరో తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తారు. వేదాంతం చదివినవాళ్లంతా సన్యాసులు కారండీ. గీత విన్న అర్జునుడు లేచి తన పని తాను చేశాడు.

ముందు ఆ పుస్తకాలు కిందికి దించండి. ఛాందోగ్య ఉపనిషత్తులో శ్వేతకేతువు పన్నెండేళ్లు చదువుకుని, 24వ ఏట అన్నీ వచ్చేశాయన్న గర్వంతో ఇంటికొస్తాడు. దేన్ని తెలుసుకుంటే తెలియనిదంతా తెలుస్తుందో అది అడిగావా అన్నాడు తండ్రి ఉద్దాలకుడు. కొడుక్కి తెలియదు. అప్పుడు తండ్రే మర్రిపండు తెప్పించి, గింజ చితకమని, లోపల ఏముందని అడిగాడు. ఏమీ కనిపించలేదన్నాడు కొడుకు. ఆ కనిపించని దాంట్లోంచే ఇంత చెట్టు వచ్చింది, ఆ సూక్ష్మమే ఆత్మ, అదే నువ్వు అని చెప్పాడు. మీ అబ్బాయి కూడా తండ్రి దగ్గరికే వచ్చి అడిగాడు. మీరు పుస్తకాలు లాక్కున్నారు. కష్టంగా ఉన్నా ఈ మాట మీకు చెప్పాల్సిందే.

ఆన్‌లైన్ కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. ఆరు వారాల్లో ఉపనిషత్తుల సారం, చివర్లో స్పిరిచ్యువల్ కోచ్ అని ఒక సర్టిఫికెట్! మాండూక్య ఉపనిషత్తులో ఉన్నవి 12 మంత్రాలే, గురువు దగ్గర కూర్చుంటే అవే నెలలు పడతాయి. మన ఇంటర్ పిల్లలు మార్కుల కోసం సంస్కృతం తీసుకుని, జవాబులు తెలుగులో రాసి గట్టెక్కుతారు. శ్లోకం విడదీయడం రాదు. అలాంటి పిల్లాడు, తనే ఇంకా వెతుక్కుంటున్నవాడు, పక్కవాళ్ల జీవితాలకు దారి చూపిస్తానని బోర్డు పెట్టడం వాడికీ మంచిది కాదు, వచ్చేవాళ్లకీ మంచిది కాదు.

ఎం.ఏ. ఫిలాసఫీ మన ఆంధ్రా యూనివర్సిటీలోనే ఉంది, సాధారణంగా ఏ డిగ్రీ ఉన్నా చేరొచ్చు. తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో ఆచార్య (సంస్కృతంలో పీజీ) చేయాలంటే మాత్రం ముందు భాష గట్టిపడాలి. లెక్చరర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు రాసే యూజీసీ నెట్‌లో ఫిలాసఫీ, సంస్కృతం, హిందూ స్టడీస్ సబ్జెక్టులున్నాయి. జేఆర్‌ఎఫ్ అనే ఆ ఫెలోషిప్ వస్తే మొదట నెలకు 37,000 రూపాయలు. అందరికీ రాదు, సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చకండి.

అబ్బాయికి నా మాటగా చెప్పండి: బీటెక్ వదలొద్దు, బ్యాక్‌లాగ్‌లు పెట్టుకోవద్దు. ప్లేస్‌మెంట్లకు కూర్చుంటే తప్పులేదు, ఉద్యోగం చేస్తూ రెండేళ్లు సంస్కృతం నేర్చుకోవచ్చు. అప్పటికీ ఈ కోరిక ఇలాగే ఉంటే ఎం.ఏ.లో చేరమనండి, మీరు అడ్డు చెప్పకండి.

ఈ ఆదివారం బీచ్ రోడ్డులో రామకృష్ణ మిషన్ ఆశ్రమానికి ఇద్దరూ కలిసి వెళ్లండి. దారిలో ప్లేస్‌మెంట్ల మాట ఎత్తకండి. ఏం చదివాడో చెప్పమని అడగండి.