దొంగ ఖాతా తెరిచిన పిల్లవాడికి ఎలా చెప్పాలి?

ఇంకొకరి పేరుతో ఆన్‌లైన్‌లో ఖాతా తెరిస్తే ఏమవుతుందో 14 ఏళ్ల కొడుకుకు ఎలా చెప్పాలని అడిగారు. ముందే పోలీసుల పేరెత్తి బెదిరించకండి. భయం వస్తుంది గాని బుద్ధి రాదు. తనవల్ల ఎవరు నొచ్చుకున్నారో వాడికి తెలిసిరావాలి.

బెంగళూరు మారతహళ్లిలో మా అక్కవాళ్ల అబ్బాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఈ పనే చేశాడు. స్కూలు వార్షికోత్సవంలో తీసిన తోటి విద్యార్థిని ఫొటో పెట్టి, ఆమె పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచాడు. అందులోంచి ఆమె స్నేహితురాలికి, "రోజూ డబ్బాలో ఆ చిత్రాన్నమేనా? మీ అమ్మకు ఇంకేమీ రాదా?" అని పంపాడు. ఆ పిల్ల ఏమీ అడగలేదు. మర్నాడు వెళ్లి వేరే బెంచీలో కూర్చుంది.

కొన్నాళ్లకు విషయం బయటపడింది. "సరదాకి చేశాను పిన్నీ, ఖాతా తీసేశాను కదా!" అన్నాడు. బావగారు చెయ్యెత్తితే నేనే ఆపాను. ఎవరికేమి పంపాడో కాగితం మీద రాయించి, ఒక్కొక్కరికీ ఫోను చేసి "అది నేనే" అని చెప్పమన్నాను. కొందరు నవ్వి పెట్టేశారు. ఆ స్నేహితురాలి ఇంట్లో మాత్రం తల్లి తీసింది. చిత్రాన్నం మాట ఆమెకే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ తిట్టలేదు. "మా అమ్మాయి డబ్బా తీసుకెళ్లడం మానేసింది అందుకేనా?" అని అడిగింది. వాడి నోట మాట రాలేదు. ఆ ఆడపిల్లలిద్దరూ ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు గాని మునుపటిలా లేరు.

చట్టం సంగతి ఆ తరవాతే చెప్పాను. ఆన్‌లైన్‌లో మరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 18 ఏళ్లు నిండనివారి కేసు జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. పిల్లలు కదా అని ఎవరూ వదిలేయరు.

అసలు నా కోపం పెద్దల మీద. ఇన్‌స్టాగ్రామ్‌కు కనీస వయసు 13. పదేళ్ల పిల్లకు పుట్టిన సంవత్సరం మార్చి ఖాతా తెరిచి ఇస్తున్నది ఎవరు? తల్లిదండ్రులే! స్కూళ్లు కూడా పిల్లల ఫొటోలను పేర్లతో సహా ఊరంతా చూసేలా పెడుతున్నాయి. ప్రచారానికి పిల్లల ముఖాలే దొరికాయా?

మీవాడు ఇప్పటికే అలాంటి ఖాతా తెరిచి ఉంటే వెంటనే తీసేయించకండి. ముందు పంపినవన్నీ చదివి, స్క్రీన్‌షాట్లు తీసుకోండి. మావాడు తొందరపడి చెరిపేయడంతో జ్ఞాపకం మీద రాయాల్సి వచ్చింది. రాయడం మరిచిన ఒక పిల్లకు క్షమాపణ చాలా ఆలస్యంగా అందింది.