కాగడా ఆరిపోయిన రాత్రి నుంచి మొదలుపెట్టు

అమ్మాయీ,

ఫార్ క్రై ప్రైమల్ అనే వీడియో గేమ్ మీద నువ్వు రాసిన వ్యాసం మూడుసార్లు చదివాను. మొదటిసారి రెండో పేజీ దగ్గర కోపం వచ్చి పక్కన పెట్టేశాను. ‘మైనస్ పాయింట్లు’ కింద రాశావు చూడు, “పాత్రలన్నీ ఏదో అర్థంకాని భాషలో గొణుగుతుంటాయి, ఇంగ్లీషులో మాట్లాడించి ఉంటే బాగుండేది” అని. అక్కడ.

అది గొణుగుడు కాదు తల్లీ. ఈ ఆట కోసం, దాన్ని తయారుచేసిన యూబీసాఫ్ట్ కంపెనీ వాళ్ళు కెంటకీ విశ్వవిద్యాలయం భాషావేత్తలు ఆండ్రూ బర్డ్, బ్రెన్నా బర్డ్‌ల చేత భాష కట్టించుకున్నారు. సంస్కృతానికీ గ్రీకుకీ లాటిన్‌కీ తల్లి అని పండితులు ఒక మూలభాషను పునర్నిర్మించారు కదా, దాన్ని పునాదిగా తీసుకున్నారు. ఆట జరిగేది క్రీ.పూ. 10,000లో. అప్పటికి ఆ మూలభాష కూడా ఇంకా పుట్టలేదు. అందుకని అంతకంటే వెనక్కి వెళ్ళి, ఇలా ఉండి ఉండొచ్చని కథానాయకుడి వెంజా తెగ మాటలు అల్లారు. శత్రువులైన ఉడామ్ తెగది ఒక తీరు, ఇజీలా తెగది ఇంకో తీరు. నటులు అవన్నీ నేర్చుకుని, ఏడుపూ కోపమూ వాటిలోనే పలికించారు.

మన తెలుగు ఆ కుటుంబంలోది కాదు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లోనే మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఎల్లిస్ చూపించాడు. కానీ నామం, దంతం, మధువు అంటున్నామే, సంస్కృతం మీదుగా మనింటికి వచ్చిన ఆ మాటల వేళ్ళు అక్కడే ఉన్నాయి. ఈ సంగతి తెలుగులో రాసేవాళ్ళు చెప్పకపోతే తెలుగు పాఠకుడికి ఇంకెవరు చెబుతారు? ఆటకున్న అతి పెద్ద బలాన్ని తీసుకెళ్ళి లోపాల పెట్టెలో వేశావు.

ఆ పెట్టెలంటేనే నాకు మంట. ఇరవై ఏళ్ళ కిందట ఒక వారపత్రికలో సినిమాల మీదా, అప్పుడప్పుడూ కంప్యూటర్ ఆటల మీదా రాసేవాణ్ణి. అమీర్‌పేటలో ఇద్దరితో కలిసి అద్దెకుండేవాణ్ణి. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకింత అని డబ్బు కట్టి, రాత్రంతా ఆడి, తెల్లారి రాసుకునేవాణ్ణి. ఒకసారి నాలుగు పేజీలు పట్టుకెళ్తే సంపాదకుడు చదవను కూడా చదవలేదు. “ప్లస్సులు మూడు, మైనస్సులు మూడు, చివర్లో తీర్పు, అయిదుకి ఎంతో వెయ్యి, చాలు” అన్నాడు. ఇంటి అద్దె కట్టాలి, వేశాను. ఆ తర్వాత ఆరేళ్ళపాటు అలాగే వేస్తూ పోయాను. ఆ ఆరేళ్ళ రాతల్లో ఒక్క వాక్యం కూడా ఇవాళ నాకు గుర్తులేదు. ఆ పద్ధతి ఇప్పుడు ప్రతివాడికీ అలవాటైపోయింది. నీకు ఇరవై రెండేళ్ళు, నువ్వూ అందులోనే పడితే నాకు బాధగా ఉంది.

బలమూ బలహీనతా రెండు గళ్ళలో విడివిడిగా కూర్చోవు. ఈ ఆటనే చూడు. తుపాకుల మీద బతికిన ఫార్ క్రై ఆటల వరుసని 2016లో తుపాకి అన్నదే లేని కాలానికి తీసుకెళ్ళారు. విల్లు, ఈటె, దుడ్డుకర్ర, అంతే. (స్లింగ్ అని రాశావు. ఒడిసెల అనే మాట మనకుంది, వాడు.) కొవ్వు పూసి కర్రకి నిప్పు అంటించుకుంటే తోడేళ్ళు దూరంగా ఆగిపోతాయి, కానీ నిప్పు కర్రని కూడా తినేస్తుంది. మొదటి గంటల్లో ఆ లెక్కే ఆట. తర్వాత కథానాయకుడు టక్కార్ మృగాల్ని మచ్చిక చేసుకోవడం నేర్చుకుంటాడు. కోరపులి వెంట నడుస్తుంది, కొన్నాళ్ళకి దాని మీదే ఎక్కి తిరుగుతాడు. అంతకు ముందే గుడ్లగూబ వస్తుంది. పైనుంచి శత్రువుల్ని ఒక్కొక్కరినీ గుర్తుపెట్టి చూపిస్తుంది, నేర్పిస్తే వాళ్ళ మీద పడి చంపుతుంది కూడా.

ఈ మచ్చిక అందరూ మెచ్చుకున్నదే, నువ్వూ ప్లస్సుల్లో మొదట రాశావు. కానీ ఆట జరిగే ఓరోస్ లోయలో చీకటికి విలువ పోయింది కూడా దీనివల్లే. కొండ వెనక ఏముందో పక్షి చెప్పేశాక ఆ కొండ ఎక్కడానికి భయమెందుకు? అదే ఏడాది ఏప్రిల్‌లో ఉచితంగా సర్వైవర్ మోడ్ అని ఆటని ఇంకా కష్టం చేసే పద్ధతి ఒకటి ఇచ్చారు. అలసట పెట్టారు, కావాలనుకుంటే ఒక్క చావుతో ఆట ముగిసేలా పెట్టుకోవచ్చు. తాము పోగొట్టుకున్న భయాన్ని మళ్ళీ వెతుక్కున్నారని నాకనిపిస్తుంది. ఆ మోడ్ పేరు కూడా నీ వ్యాసంలో లేదు.

భయం గురించి నేను ఇంత పట్టుబట్టడానికి కారణముంది. మాది అనంతపురం వైపు. వేరుశనగ చేను కోతకొచ్చే రోజుల్లో అడవిపందుల కోసం మంచె మీద కాపలా పడుకునేవాళ్ళం. ఒక రాత్రి నాన్నకి జ్వరం, నేనొక్కణ్ణే వెళ్ళాను. పన్నెండేళ్ళుంటాయి. అర్ధరాత్రి లాంతర్లో కిరసనాయిలు అయిపోయింది. వత్తి ఎర్రగా అయి, చిన్నదై, పోయింది. కింద ఆకులు కదులుతున్నాయి. చేతిలో ఒడిసెల ఉంది కానీ రాయి ఎటు విసరాలో తెలియదు. తెల్లారేదాకా ఎన్ని చప్పుళ్ళు విన్నానో ఇప్పటికీ చెప్పగలను.

నీ వ్యాసం నాలుగో పేజీలో, రేటింగుకి పైన, ఒక చిన్న పేరా ఉంది. మంచు కురిసే ఉత్తరాన కర్ర కాలిపోయి, కొవ్వు అయిపోయి, తోడేళ్ళ అరుపులు ఏ దిక్కునుంచో తేలక రాయికి వీపు ఆనించి నిలబడ్డానని రాశావు. అది బాగుంది. దాని కోసమే మూడోసారి చదివాను.

మ్యాపు సంగతి నీకెవరో చెప్పినట్టున్నారు. ఓరోస్ దారులూ నదులూ అంతకు ముందు ఆట ఫార్ క్రై 4లోని కిరాత్ అనే కల్పిత దేశాన్ని పోలి ఉన్నాయని రాసి వదిలేశావు. నిజమే, పోలిక ఉంది. దానికంటే నన్ను బాధించింది పని తీరు. శిబిరం పట్టుకో, మంట వెలిగించు, ఇంకో శిబిరం పట్టుకో. పన్నెండువేల ఏళ్ళు వెనక్కి వెళ్ళినవాళ్ళు ఈ ఒక్క అలవాటునీ అక్కడికి మోసుకెళ్ళారు.

ఉల్ గురించి నువ్వు ఒక్క ముక్కైనా రాయలేదు. నరమాంసం తినే ఉడామ్ తెగ నాయకుడు. తన జనాన్ని తినేస్తున్న రోగానికి వెంజాల మాంసమే మందని నమ్మినవాడు. కథలో కనిపించేదే తక్కువ, అది రచయితల తప్పు. కానీ చనిపోతూ, తనని చంపినవాడి చేతుల్లోనే తన పసిబిడ్డల్ని పెడతాడు. వెంజాల మీద వాడు చేసిందంతా ఎరిగి ఉండీ నేను అక్కడ కంట్రోలర్ కింద పెట్టేశాను. నువ్వు అక్కడిదాకా ఆడావా? ఆడకుండా తీర్పు రాసి ఉంటే మాత్రం నాకు చెప్పు, కోప్పడను.

యూట్యూబ్‌లో పెట్టాలా, పత్రికకి పంపాలా, ఏ మైకు కొనాలి అని అడిగావు. ముందు రాత సంగతి చూద్దాం.

నీ కాగితాలు ఈ ఉత్తరంతోపాటే వెనక్కి పంపుతున్నాను. రేటింగుని కొట్టేశాను. నాలుగో పేజీలో ఆ పేరా పక్కన ఎర్ర సిరాతో గీత పెట్టాను. అక్కణ్ణుంచి మొదలుపెట్టి మళ్ళీ రాయి. ఈసారి సబ్‌టైటిల్స్ ఆపేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక రాత్రి ఆడు. సంక్రాంతికి ఊరెళ్ళేలోపు నాకు అందితే చాలు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు