భాష రాకపోయినా లిస్బన్‌లో ఫాదో వినవచ్చా?

"లిస్బన్‌లో రెండు రాత్రులే ఉంటాం. పోర్చుగీసు ఒక్క ముక్క రాదు. ఫాదో వినడానికి డబ్బు పెట్టడం దండగేనా?" అని అడిగారు. దండగ కాదు. ఫాదో అంటే లిస్బన్ పేటల్లో గిటార్ల తోడుగా పాడే పోర్చుగీసు పాట. ఉద్యోగరీత్యా ఆ ఊళ్లో రెండేళ్లు ఉన్నాను. మొదటిసారి నేను విన్న తీరు మాత్రం దండగే.

అల్ఫామా పేటలో ఒక హోటల్. అడగకుండానే బల్ల మీద రొట్టె, ఆలివ్ కాయలు పెడితే మర్యాద అనుకుని తినేశాను. బిల్లులో వాటికి వేరే వెల కట్టారు. అక్కడ అది మామూలే, వద్దంటే తీసుకెళ్లిపోతారు. (మీరు శాకాహారులైతే ముందే చెప్పండి. కాల్దు వెర్ద్ అనే ఆకుకూర సూపులో కూడా సాసేజ్ ముక్క తేలుతుంది.) ఇంతలో దీపాలు తగ్గించారు, వడ్డన ఆగిపోయింది. నల్ల శాలువా కప్పుకున్న గాయని కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది. నేను పక్కనున్న మిత్రుడి చెవిలో "అర్థమేమిటి?" అన్నాను. పక్క బల్ల దగ్గరి పెద్దావిడ పెదవుల మీద వేలు పెట్టి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ నల్ల శాలువా తొలినాళ్ల ఫాదో గాయని మరియా సెవేరా జ్ఞాపకం అంటారు. మొరారియా పేటలో ఉండేది, కౌంటు బిరుదున్న ఒక ప్రభువుతో ఆమె ప్రేమ ఊరంతా చెప్పుకున్న కథ. 1846లో, 26 ఏళ్లకే చనిపోయింది.

అర్థం కోసం ఆరాటపడటం మానేశాకే నాకు ఫాదో వినపడింది. మెనోర్, కొరీదు, మొరారియా అని మూడు పాత వరుసలున్నాయి, కట్టినవారెవరో తెలియదు. ఆ వరుసలో ఇముడుతుందంటే ఏ కవితనైనా పాడుకోవచ్చు, మన పల్లెల్లో మంగళహారతులెన్నో ఒకే వరుసలో సాగినట్టు. ఒక రాత్రి ఇద్దరు వరసగా మెనోర్‌లోనే పాడారు. గిటార్ వాయించే ఆయన తర్వాత చెప్పేదాకా రెండూ ఒకటేనని నేను పోల్చుకోలేదు! ఒకరు పాదం చివర గొంతు దింపి వదిలేశారు, ఇంకొకరు అక్కడే తిప్పి తిప్పి నిలబెట్టారు. గాయకుల సత్తా తేలేది అక్కడే. పన్నెండు తీగల పోర్చుగీసు గిటార్ ఆ ఖాళీల్లోకి దూరి జవాబు చెబుతుంది. దాన్ని వినడానికి భాష ఎందుకు? ఫాదోకు ప్రాణమని చెప్పుకునే 'సౌదాద్' (ఒక రకం బెంగ) అనే మాటకు అర్థం చెప్పబోయే వ్యాసాలు ముందే చదివి వెళ్లకండి, మనసు అటే పోతుంది.

రెండు రాత్రుల్లో ఒకటి ఫాదో వాదియుకు ఇవ్వండి. వాదియు అంటే దేశదిమ్మరి. వృత్తి గాయకులు కానివారు చిన్న చిన్న కొట్లలో వంతులవారీగా లేచి పాడతారు. ఒకచోట నాకు మంచినీళ్లు తెచ్చిపెట్టిన నడివయసు ఆయనే పది నిమిషాల తర్వాత గిటార్ల ముందు నిలబడ్డాడు. శ్రుతి కాస్త తప్పింది. అయినా ఖరీదైన హోటల్‌లో విన్నదానికంటే అదే నచ్చింది.

ఇది అందరూ నెత్తిన పెట్టుకునే పాట అనుకోకండి. నా సహోద్యోగి తండ్రి ఇప్పటికీ వినరు. పోర్చుగల్‌ను ఏలిన సలజార్ నియంతృత్వం జనాన్ని ఫాదో, ఫుట్‌బాల్, ఫాతిమా అనే క్రైస్తవ క్షేత్రానికి యాత్రలతో మభ్యపెట్టిందని, ఆ నియంతృత్వాన్ని కూల్చిన 1974 విప్లవం చూసిన ఆ తరంలో చాలామంది అభిప్రాయం. అదే నియంతృత్వంలో పాట సాహిత్యం సెన్సారు దాటితేగాని పాడనిచ్చేవారు కాదన్నది వేరే సంగతి. 1999లో ప్రఖ్యాత ఫాదో గాయని అమాలియా రోద్రిగేష్ పోయినప్పుడు మాత్రం ప్రభుత్వం మూడు రోజులు సంతాపం పాటించింది.

వెళ్లేముందు అమాలియాను, వడ్రంగి పని చేసుకుంటూ పాడిన అల్ఫ్రెదు మార్సెనైరును కొంచెం వినండి. ఈసారి కాకపోయినా ఎప్పుడైనా కొయింబ్రా నగరం వెళితే అక్కడి పద్ధతి వేరు. నల్ల అంగీలు వేసుకున్న విశ్వవిద్యాలయం కుర్రాళ్లు పాడతారు. పాట బాగుంటే చప్పట్లు కొట్టడం అక్కడి ఆనవాయితీ కాదు, గొంతు సవరించుకున్నట్టు చిన్నగా దగ్గాలి.