ఆన్‌లైన్ పాఠాన్ని నేర్చుకునేవాళ్లతో కలిసి తయారు చేయడం కుదిరే పనేనా?

కుదురుతుంది. అలా తయారు కాని పాఠం ఎవరికీ ఎక్కదని కూడా నా గట్టి నమ్మకం. నేను దేవరకొండ వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను.

కరోనాతో బడులు మూతపడ్డాక, 2020 సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరిలో, తెలంగాణ ప్రభుత్వ చదువుల ఛానల్ టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. చెప్పినవాళ్లు బాగానే చెప్పారు. కానీ టీవీని ఆపి "సార్, మళ్లీ చెప్పండి" అనలేం కదా. మా పిల్లల్లో చాలామంది తండాల నుంచి వచ్చేవాళ్లు. ఇంటికి ఒక్కటే ఫోన్, అది పొద్దున్నే నాయినతో పాటు చేనుకు పోతుంది. నేను పదింటికి వాట్సాప్‌లో వీడియో పెడితే "ఓకే సార్" అని ఒక దండం బొమ్మ వచ్చేది, అంతే. రెండు వారాలు చూసి పిల్లలనే అడిగాను, ఎప్పుడు పెట్టాలి, ఎట్లా పెట్టాలి అని. రాత్రి ఎనిమిదింటికి అన్నారు. వీడియోకు డేటా సరిపోదు, వాయిస్ మెసేజ్ చాలన్నారు. "లెక్కలు మేమే ఇస్తం సార్" అన్నాడు ఒకడు.

అప్పుడు 8వ తరగతిలో రాశులను పోల్చడం పాఠం నడుస్తోంది. లెక్కలిస్తమన్న ఆ పిల్లాడి వాళ్లది బత్తాయి తోట. వాడు పెట్టిన లెక్క ఇది: "మా నాయిన 6 టన్నుల కాయ అమ్మిండు. టన్ను 20 వేలు. టన్నుకు క్వింటా తరుగు తీసిండ్రు. మీదికెళ్లి 4 శాతం కమీషన్. మొత్తం ఎంత శాతం పోయింది?"

టన్నుకు క్వింటా అంటే పది శాతం. పది, నాలుగు కలిపి పద్నాలుగని అందరూ చెప్పేశారు. ఒక్క అమ్మాయి ఒప్పుకోలేదు. "నాలుగు శాతం దేని మీద?" అని అడిగింది. ఆ వాయిస్‌లో వెనక మేకల అరుపులు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత మొదలైంది వాదన. తరుగు పోగా రావాల్సింది 1,08,000. కమీషన్ దాని మీదే, అంటే 4,320. మొత్తం 1,20,000లో పోయింది 16,320, అంటే 13.6 శాతం. అది తేలేసరికి రాత్రి పదిన్నర. నేను కల్పించుకున్నది రెండేసార్లు: కాగితం మీద చేసి ఫొటో పెట్టండని ఒకసారి, తప్పు చెప్పినవాళ్లను వెక్కిరించొద్దని ఇంకోసారి.

బీఎడ్‌లో బట్టీపట్టిన, రష్యా మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ చెప్పిన "సామీప్య వికాస మండలం" నాకు ఆ రాత్రే అర్థమైంది. పిల్లలు ఒంటరిగా చేయగలిగేదానికీ, తమకన్నా ఎక్కువ తెలిసినవాళ్ల తోడుతో చేయగలిగేదానికీ మధ్య ఉండే జాగా అది. ఆ తోడు టీచరే కానక్కర్లేదు, మేకలు కాసే తోటి పిల్లయినా చాలు.

మా టీచర్లకు పెట్టే ఆన్‌లైన్ శిక్షణలు చూస్తే మాత్రం బాధేస్తుంది. వీడియో, క్విజ్, సర్టిఫికెట్. పక్క మండలంలో అదే పాఠం చెప్పే టీచరుతో ఒక్క మాట కలిపే దారి ఉండదు. ఎందరు పూర్తి చేశారో లెక్క అడుగుతారు గానీ ఏం పనికొచ్చిందని ఎవరూ అడగరు. చర్చ అని పెట్టినచోట కూడా "మీ అభిప్రాయం రాయండి" అని వదిలేస్తారు. ఒకరి పని ఇంకొకరు లేకుండా సాగని ఏర్పాటు ఉంటేనే మనుషులు మాట్లాడుకుంటారు. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్సన్ బడి పిల్లలతో చేయించిన జిగ్సా పద్ధతి అదే: పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తే, మిగతావాళ్లకు చెప్పాల్సిన బాధ్యత ఎవరి ముక్కకు వాళ్లదే. నేనూ నలుగురేసి జట్లు కట్టాను. ఒకరు కాయ ధర, ఒకరు కూలి, ఒకరు మందుల ఖర్చు, ఒకరు బండి కిరాయి కనుక్కొని వస్తే, నాలుగూ కలిపాకే లాభం ఎంత శాతమో తేలుతుంది.

ఫోన్ లేనివాళ్ల సంగతేంటని అడుగుతారేమో. మా తరగతిలో ముగ్గురికి లేదు. వాళ్ల ఏర్పాటు కూడా పిల్లలే చూసుకున్నారు. ఎనిమిదింటికి తండా గుడి అరుగు మీద ఒక్క ఫోన్ చుట్టూ నలుగురైదుగురు కూర్చునేవారు. డిసెంబర్ వచ్చేసరికి ఆ ఒక్క నంబరు నుంచి వచ్చే వాయిస్‌లలో ఏ గొంతు ఎవరిదో నేను పేరు పెట్టి పిలవగలిగేవాణ్ని.