గుడ్డ సిద్ధమయ్యేదాకా కలం పట్టవద్దు

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత, చిన్ననాటి కోరిక కొద్దీ శ్రీకాళహస్తి పద్ధతి కలంకారీ నేర్చుకుంటున్నాను. వారం రోజుల శిబిరానికి వెళ్లి వచ్చి, ఆరు నెలలుగా ఇంట్లోనే సాధన చేస్తున్నాను. కసింతో, అంటే నల్ల గీతలకు వాడే ఇనుప నీటితో, గీసిన గీత గుడ్డ మీద పక్కలకు పాకిపోతోంది. మొన్న నేను గీసిన సీతమ్మ బొమ్మలో చీర భాగానికి పటిక పూసి, ఆ సాయంత్రమే బకెట్టులో జాడించి, ఎర్ర రంగులో ఉడికిస్తే, చీరతో పాటు చుట్టూ తెల్లగా ఉండవలసిన చోటంతా గులాబీ రంగుకు తిరిగింది. నాకు ఓపిక చాలడం లేదా, అసలు ఈ విద్య నా చేతికి రాదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ చేతిని అనుమానించకండి. మీరు రాసిన రెండు పొరపాట్లలో ఒకటి కలం పట్టకముందు జరిగింది, రెండోది కలం దించిన తరువాత జరిగింది.

మొదట గీత సంగతి చూద్దాం. కోరా గుడ్డలో గంజి ఉంటుంది కాబట్టి దాన్ని రాత్రంతా నానబెట్టి, గంజి పూర్తిగా పోయేలా ఉతికి ఆరబెట్టాలి. ఆ తరువాతే కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదె పాలలో ముంచి, పిండి, ఎండలో ఆరవేస్తాం. కరక్కాయలోని వగరు నలుపును పట్టి ఉంచుతుంది, పాలలోని వెన్న కసిం పక్కలకు పాకకుండా ఆపుతుంది. మీరు వెన్న తీసిన ప్యాకెట్టు పాలు వాడి ఉంటే గీత పాకడంలో ఆశ్చర్యం లేదు. పిండేటప్పుడు కూడా మెలితిప్పి గట్టిగా పిండితే మడతల దగ్గర పాలు తగ్గి, మిగతా చోట ఎక్కువై, ఒకే గీత జానెడు దూరంలోనే ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా కనిపిస్తుంది.

ఇక కసిం. ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి దాదాపు మూడు వారాలు పులియబెట్టిన నీరది. కలం నుంచి దిగినప్పుడు గీత పాలిపోయినట్టు ఉంటుంది. కరక్కాయ వగరుతో కలిసి, గాలి తగిలిన కొద్దీ నల్లబడుతుంది. కొత్తవారు ఆ కాసేపు ఆగలేక, గీత సరిగా పడలేదనుకుని దాని మీదే మళ్లీ కలం నడుపుతారు. అలా చేస్తే గీత లావెక్కడం ఒక నష్టమైతే, అవసరానికి మించిన ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ నూలు దారాన్ని తినేయడం అంతకంటే పెద్ద నష్టం. పాత అద్దకపు బట్టలు కొన్నింటిలో నల్లని గీతల వెంబడే గుడ్డ చివికి ఉండడం మీరూ గమనించవచ్చు.

పటిక విషయంలో మాత్రం తొందర అసలు పనికిరాదు. ఎరుపు పటిక ఉన్నచోటే నిలుస్తుంది. పూసిన పటిక దారంలో ఇంకడానికి కనీసం ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. తరువాత, ఇంకకుండా మిగిలిన పటికను పారే నీటిలో వదిలించాలి. శ్రీకాళహస్తిలో ఈ పనికి స్వర్ణముఖి నదిని ఆశ్రయించింది అందుకే: ఊడిన పటికను ప్రవాహం వెంటనే తీసుకుపోతుంది. మీ బకెట్టులోని నిలవ నీటిలో ఆ పటికే తిరిగి తెల్లని చోట చేరి, ఉడికించినప్పుడు ఎరుపును పట్టుకుంది. ఇంట్లో కుళాయి కింద గుడ్డను పరిచి పట్టుకుని, నీరు ఒకవైపు నుంచే పారేలా చాలాసేపు కడగండి. గులాబీ రంగు పట్టిన ఆ గుడ్డను పారేయవద్దు. పేడ నీటిలో నానబెట్టి, ఎండలో తడుపుతూ కొన్నాళ్లు ఆరవేస్తే ఆ మరక కొంతవరకైనా తగ్గుతుంది.

ఇంత పనిని వారం రోజుల శిబిరంలో వరుసగా చూపించగలరు గాని, ఎక్కడ ఎంతసేపు ఆగాలో చేతికి నేర్పలేరు. 1957లో శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం మొదలయ్యే నాటికి ఈ పని తెలిసినవారు కొద్దిమందే మిగిలారు. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి ఈ విద్య తండ్రి నుంచి వచ్చింది. నా మట్టుకు నాకు తొలి నెలలో గురువుగారు బొమ్మ వేయనివ్వలేదు. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి దారంతో కట్టడం, కసింలో ముంచి, వేళ్లతో ఆ ఉన్నిని ఒత్తుతూ అడ్డంగా, నిలువుగా గీతలు గీయడం, అంతే. ఉన్నిని ఎంత ఒత్తితే ఎంత కసిం దిగుతుందో వేళ్లకు తెలిసింది అప్పుడే.

కొన్నాళ్లు పెద్ద బొమ్మలు పక్కన పెట్టి, గుడ్డను చేతిరుమాలంత ముక్కలుగా కత్తిరించండి. ఒక్కో ముక్కకు పాలు, కరక్కాయ కొలత మార్చి పట్టించి, ఆ వివరం, తేదీ నోటుపుస్తకంలో రాసుకోండి. ప్రతి ముక్క మూలన ఒక్క చుక్క కసిం పెట్టి, పావుగంట తాకకుండా చూడండి. చుక్క అంచు పాకకుండా గుండ్రంగా నిలిచి, నిండు నలుపుకు తిరిగిన ముక్క కొలతతోనే మీ సీతమ్మకు కొత్త గుడ్డ సిద్ధం చేసుకోండి.