ముందు గ్రైండర్ చేతికి రానీ

చిరంజీవి మేనకోడలికి మావయ్య దీవెనలు.

బీచ్ రోడ్డు కాఫీ షాపులో పని కుదిరిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కప్పులో పాల నురగతో ఆకు బొమ్మ వేయడం ఎన్నాళ్లకి వస్తుందని అడుగుతున్నావట. ఆ బొమ్మను ఓ నెల రోజులు పక్కన పెట్టు తల్లీ. బొమ్మ ఎంత బాగున్నా కింద కాఫీ పుల్లగా ఉంటే తాగినవాళ్లు మళ్లీ రారు. ముందు గింజలు పొడి చేసే గ్రైండర్ చేతికి రావాలి.

షాపు తెరవగానే ఎస్ప్రెస్సో మిషన్ (వేడినీళ్లను ఒత్తిడితో కాఫీ పొడిలోంచి దింపేది) ఆన్ చేసి కనీసం అరగంట వేడెక్కనివ్వు. పొడి పట్టే పిడి గరిట, అంటే పోర్టాఫిల్టర్‌ని మిషన్‌కి తగిలించే ఉంచు. అది చల్లగా ఉంటే నీళ్ల వేడి అదే లాగేసుకుంటుంది, మొదటి షాట్, అంటే ఒక్క విడత దిగే చిక్కటి కాఫీ, పాడవుతుంది.

ఒక లెక్క కంఠతా పట్టు. డబుల్ షాట్‌కి పొడి 18 గ్రాములు, కప్పులో దిగాల్సిన కాఫీ 36 గ్రాములు, పంపు నొక్కినప్పటి నుంచి 25–30 సెకన్లు. మీ షాపు బాస్కెట్ (పొడి పోసే చిల్లుల గిన్నె) సైజు వేరైతే పొడి తూకం మారుతుంది గానీ, ఒకటికి రెండు అన్న పద్ధతితోనే మొదలుపెట్టు. కంటి అంచనా వద్దు, పొడినీ దిగిన కాఫీనీ రెండిటినీ తూచు. 18 గ్రాముల దగ్గర ఒక్క గ్రాము తేడా వచ్చినా నాలుక పసిగట్టేస్తుంది.

షాట్ దిగుతున్నప్పుడు కళ్లు తిప్పకు. మొదటి ఐదారు సెకన్లు ఏమీ రాదు. తర్వాత ముదురు రంగు చుక్కలు, ఆపైన గోరువెచ్చని తేనె జారినట్టు సన్నటి ధార. చివరికి ఆ ధార పాలిపోయి, పలచబడి, వణకడం మొదలుపెడుతుంది. 15 సెకన్లకే గబగబా దిగిపోతే నీళ్లు పొడిని సరిగా తడపకుండానే జారిపోయాయన్నమాట. పుల్లగా, ఉప్పగా ఉంటుంది. పొడిని ఇంకా మెత్తగా చెయ్యి. 40 సెకన్లు దాటి చుక్కచుక్కగా కారితే చేదెక్కి నాలుక పిడచకట్టిస్తుంది. కాస్త బరకగా చెయ్యి.

గ్రైండర్ మీద మెత్తదనం మార్చే చక్రం తిప్పేటప్పుడు మూడు జాగ్రత్తలు. ఒకసారికి ఒక్క గీతే జరుపు. మెత్త వైపు జరిపేటప్పుడు మోటారు తిరుగుతూ ఉండాలి, లేకపోతే పళ్ల మధ్య గింజలు ఇరుక్కుంటాయి. జరిపాక వచ్చే మొదటి డోసు పారెయ్యి, అందులో పాత పొడి కలిసి ఉంటుంది. చాలామంది ఈ మూడోది మరిచిపోయి, "తిప్పినా ఏమీ మారలేదే" అని మళ్లీ తిప్పేస్తారు. ఇక అక్కడి నుంచి అంతా గందరగోళమే. తూకం, మెత్తదనం రెండూ ఒకేసారి ఎప్పుడూ మార్చకు.

పొడి వేశాక వేలితోనో పనిముట్టుతోనో సమంగా సర్దు. పొడిని అదిమే ట్యాంపర్‌తో నొక్కేటప్పుడు బలం కంటే మట్టం ముఖ్యం. ఒక పక్క వాలితే నీళ్లు పలచగా ఉన్నచోట దారి చేసుకుని పోతాయి. అప్పుడు ఒకే కప్పులో పులుపూ చేదూ రెండూ వస్తాయి, గ్రైండర్ ఎంత తిప్పినా అది బాగుపడదు. పోర్టాఫిల్టర్ బిగించే ముందు గ్రూప్ హెడ్ (మిషన్లో నీళ్లు దిగే చోటు) నుంచి రెండు సెకన్లు నీళ్లు వదులు. బిగించిన వెంటనే షాట్ మొదలుపెట్టు.

మన వైజాగ్ గాలి సంగతి నీకు తెలియంది కాదు. ఉప్పు బిస్కెట్ ప్యాకెట్ విప్పి పెడితే గంటలో మెత్తబడే ఊరు. కాఫీ గింజ కూడా చెమ్మ పీల్చుకుంటుంది. పైగా రద్దీలో గ్రైండర్ పళ్లు వేడెక్కుతాయి. అందుకే పొద్దున 28 సెకన్లకు దిగిన షాట్ సాయంత్రానికి అలాగే దిగుతుందనుకోకు. తెరవగానే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, వాన పడ్డాక ఒకసారి రుచి చూసి సరిచెయ్యి. రాత్రి గ్రైండర్ పైన గింజలు పోసే హాపర్‌లో గింజలు వదలకు, తీసి గాలి చొరని డబ్బాలో పెట్టు. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, బయటికి తీయగానే నీరు పడుతుంది. వేయించి రెండు మూడు రోజులే అయిన గింజల్లో గ్యాస్ ఎక్కువ. షాట్ మీది నురగ, అంటే క్రీమా, బుస్సున పొంగి నిలవదు. వారం పది రోజులు ఆగనిస్తే షాట్ కుదురుగా వస్తుంది. మీ దగ్గర అరకు అరబికా వాడితే సంచి మీద వేయించిన తేదీ ఎప్పుడూ చూడు. 2019లో జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకు అన్న ముద్ర) వచ్చిన మన్యం పంట అది, పాత గింజలతో దాని పేరు చెడగొట్టకూడదు.

పాల దగ్గరికి వద్దాం. నేర్చుకునేటప్పుడు ఒకే రకం పాలు వాడు. టోన్డ్ పాలలో 3 శాతం వెన్న ఉంటుంది, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. నురగను నిలబెట్టేది ప్రొటీన్, నునుపు ఇచ్చేది వెన్న. పాలు ఫ్రిజ్ నుంచి అప్పుడే తీసినవై ఉండాలి. చల్లగా ఉంటేనే నురగ కుదరడానికి నీకు టైమ్ దొరుకుతుంది. జగ్గు సగం లోపే పోసి, ముందు స్టీమ్ గొట్టంలోని నీళ్లు గుడ్డలోకి వదులు. గొట్టం కొన పాల మట్టానికి కాస్త దిగువన ఉంచి ఆవిరి తెరువు. కాగితం చింపినట్టు సన్నని చప్పుడు మూడు నాలుగు సెకన్లు రావాలి. కీచుమని అరిస్తే కొన బాగా లోతుకు పోయింది, గడగడమని పెద్ద బుడగలు లేస్తే మరీ పైకొచ్చింది. తర్వాత కొన కాస్త దించి, జగ్గు వాల్చి, పాలు సుడి తిరిగేలా పట్టు. జగ్గు మీద చెయ్యి ఇక ఆన్చలేననిపించగానే ఆపెయ్యి, అది దాదాపు 60 డిగ్రీలు. 70 దాటితే తీపి పోయి ఉడికిన వాసన వస్తుంది. ఒకసారి కాచినవి మళ్లీ కాచకు. పాలు వృథా అవుతాయని భయపడితే చల్లటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క వేసి సాధన చెయ్యి, నురగ అచ్చం అలాగే వస్తుంది. తర్వాత గొట్టం బాగా కడుగు.

మన పెద్దవాళ్లు వచ్చి "అమ్మా, ఒక స్ట్రాంగ్ కాఫీ" అంటారు. వాళ్ల మనసులో ఉన్నది చికోరీ కలిసిన డికాక్షన్ కాఫీ, గ్లాసు పట్టుకుంటే చెయ్యి కాలే వేడి. ఎస్ప్రెస్సో అడిగినవాళ్లకి అది చిన్న కప్పులో రెండు గుటకలే ఉంటుందని ముందే మర్యాదగా చెప్పు. వేడి చాలదన్నవాళ్లకి పాలు 65 వరకు తీసుకెళ్లి, కప్పుని వేడినీళ్లతో ముందే కాచి ఇవ్వు. వాళ్లడిగింది తప్పని మాత్రం ఎప్పుడూ అనకు.

గొట్టాన్ని ప్రతి జగ్గు తర్వాత వెంటనే తడిగుడ్డతో తుడిచి, ఆవిరి ఒకసారి వదులు. పాలు ఎండితే గట్టిపడి రంధ్రాలు మూసుకుపోతాయి. ఆ గుడ్డ గొట్టానికే, బల్లకి వేరే, బాస్కెట్‌కి తడిలేని గుడ్డ వేరే. రాత్రి మూసేటప్పుడు రంధ్రాల్లేని బాస్కెట్‌లో క్లీనింగ్ పౌడర్ వేసి, పంపు పది సెకన్లు ఆన్, పది సెకన్లు ఆఫ్, ఐదుసార్లు. తర్వాత అలాగే ఉత్త నీళ్లతో. మీ మిషన్‌కి ఇది చేయొచ్చో లేదో సీనియర్‌ని అడిగి చెయ్యి, కొన్నిటికి పనికిరాదు.

ఒక చిన్న నోట్‌బుక్ జేబులో ఉంచుకో. తేదీ, గింజ, గ్రైండర్ గీత, గ్రాములు, సెకన్లు, రుచి ఒక్క మాటలో. దసరాకి ఇంటికొచ్చేటప్పుడు తీసుకురా, కూర్చుని చూద్దాం.

మీ మావయ్య